మందుల చీటీ దగ్గర అడగని ప్రశ్న



చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, జ్వరంతో, కీళ్లనొప్పులతో ముదిరి, చివరికి గుండె కవాటాన్ని పట్టుకునే జబ్బు ఒకటుంది. రుమాటిక్ గుండెజబ్బు అంటారు. పేదింటి పిల్లల్లోనే ఇది ఎక్కువ. ఆ జబ్బు వచ్చిన ఆడపిల్ల 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి, అదీ ఏళ్ల తరబడి. అంటే ఏడాదికి పదిహేడుసార్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెట్లెక్కుతుంది. సూది వేసే సిస్టరుకు ఆ పిల్ల ఊరు తెలుసు, ఇంటిపేరు తెలుసు, పెళ్లెప్పుడయిందో తెలుసు, అత్తవారి ఊరేదో కూడా తెలుసు. ఆ పిల్లకు ఇప్పుడు బిడ్డ కావాలా, వద్దా అన్నది మాత్రం తెలియదు. ఎవరూ అడగలేదు కనుక.

పెళ్లయిన ఏడాదికి ఆమె అయిదోనెల కడుపుతో వస్తుంది. పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని, తెల్లవారగానే ఆటోలో వస్తుంది. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. మామూలు గుండె ఆ బరువును మోస్తుంది. సన్నబడిన కవాటంలోంచి అంత రక్తం సాగదు. వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అక్కణ్నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కణ్నుంచి విశాఖపట్నమో, గుంటూరో, వరంగల్లో, హైదరాబాదో. కొందరు తల్లీబిడ్డలుగా తిరిగొస్తారు. కొందరు రారు.

ఆమెకు పనికొచ్చే గర్భనిరోధక పద్ధతి లేకపోలేదు. పెన్సిలిన్ ఉన్న బీరువాలోనే మూడునెలల సూది కూడా ఉంది. అది ఈ గుండెజబ్బుకు ఏ అభ్యంతరమూ లేని మందు. కాపర్‌టీ కూడా వేయవచ్చు. జబ్బు ముదిరిన వాళ్లకయితే వేసేముందు యాంటీబయాటిక్ ఇస్తారు, అంతే. రెండు మందులూ ఒకే బీరువాలో ఉండగా, ఒకటి 21 రోజులకోసారి ఆమె ఒంట్లోకి వెళ్లింది. రెండోది బీరువాలోనే ఉండిపోయింది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ సంగతే.

మన ఆరోగ్య కేంద్రాల్లో రెండు వేర్వేరు పుస్తకాలుంటాయి. ఒకటి ఏఎన్‌ఎం దగ్గరుండే అర్హులైన దంపతుల రిజిస్టరు. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు పెళ్లయిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలెందరు, చివరి బిడ్డ వయసెంత, ఏ పద్ధతి వాడుతున్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఆమెకు ఏం జబ్బుందో మాత్రం ఉండదు. రెండోది బీపీ, షుగర్ వాళ్ల పుస్తకం. ఇప్పుడది చాలాచోట్ల ట్యాబులోకి వెళ్లింది. బీపీ ఎంతుంది, ఏ మాత్ర ఇస్తున్నాం, ఈ నెల వచ్చిందా లేదా, అన్నీ ఉంటాయి. ఆమె గర్భం కోరుకుంటున్నదా, వద్దనుకుంటున్నదా అన్నది ఉండదు. ఈ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద, ఒక్కోసారి ఒకే మనిషి చేతిలో ఉంటాయి. అయినా ఒకదాని మాట ఒకదానికి తెలియదు. ఫిట్స్ మందుల చీటీ, టీబీ కార్డు, థైరాయిడ్ మాత్రల పట్టీ మరో మూడు చోట్ల ఉంటాయి.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం మనదే, 1952లో. తర్వాతి దశాబ్దాల్లో అది ఆపరేషన్ల లెక్కగా మారింది. ఏ కేంద్రానికి ఎన్ని ఆపరేషన్లు అని లక్ష్యాలు పెట్టారు. 1996లో ఆ లక్ష్యాలను కాగితం మీద ఎత్తేశారు గాని, అలవాటు పోలేదు. అందులోనూ మన తెలుగు రాష్ట్రాలది ప్రత్యేకమైన కథ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం దాకా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు. దేశం మొత్తం మీద చూస్తే ఆ లెక్క 38 శాతం. మన దగ్గర ఆధునిక పద్ధతి అంటే దాదాపుగా ఆపరేషనే. మాత్రలు, కాపర్‌టీ, సూది, నిరోధ్, అన్నీ కలిపినా చాలా కొద్దిమందే.

చిన్నవయసులో పెళ్లి, వెంట వెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై అయిదు నిండేలోగా ఆపరేషన్. ఇదీ మన పల్లెల్లో ఆడదాని జీవితక్రమం. బీపీ, షుగర్ కోసం ఇంటింటికీ వెళ్లి చూసే జాతీయ కార్యక్రమం ముప్పయ్యేళ్లు దాటినవాళ్లకోసం మొదలైంది. ఆ వయసుకు మన ఆడవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. మరి పద్దెనిమిదికీ ముప్పయ్యికీ మధ్య, పిల్లల్ని కనే వయసులోనే గుండెజబ్బో, ఫిట్సో, షుగరో, కిడ్నీ జబ్బో ఉన్న అమ్మాయి సంగతేమిటి? జబ్బుల పుస్తకం ఆమె దాకా రాలేదు. దంపతుల పుస్తకం ఆమె జబ్బు చూడలేదు. గర్భం వల్ల అందరికంటె ఎక్కువ ముప్పు ఉన్నది ఆమెకే. ఏ పుస్తకంలోనూ సరిగా లేనిది కూడా ఆమే. పెళ్లికాని అమ్మాయిలయితే దంపతుల రిజిస్టరులో అసలు ఉండనే ఉండరు. వాళ్లకూ జబ్బులుంటాయి, వాళ్లకూ ఈ అవసరం రావచ్చు.

ఇక పొరపాటు భయాల సంగతి. "నీకు జబ్బుంది, నీకు ఈ మందులు పడవు" అని పంపించెయ్యడం మన దగ్గర చాలా మామూలు. చెప్పేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. ఏదైనా అయితే తమ మీదికొస్తుందన్న జంకు ఉంటుంది. కాని అలా పంపేసిన మనిషి ఖాళీ చేతులతో ఇంటికెళ్తుంది. రెండు నెలలకు నెల తప్పుతుంది. జబ్బున్న ఆడదానికి చాలా గర్భనిరోధక పద్ధతులకంటె గర్భమే ఎన్నోరెట్లు ప్రమాదం. ఈ తూకం వేయకుండా "నీకు పడదు" అనడం జాగ్రత్త కాదు. ఆమెను దిక్కులేకుండా వదిలేయడమే.

ఈ తూకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో వేసిపెట్టింది. ఏ జబ్బున్నవాళ్లకు ఏ పద్ధతి తగునో చెప్పే దాని అర్హతల పుస్తకం 1996లో మొదటిసారి వచ్చింది, తర్వాత దాన్ని చాలాసార్లు సవరించారు. దాని పద్ధతి చాలా సులువు. నాలుగు గళ్లుంటాయి. ఒకటో గడి అంటే ఏ అడ్డూ లేదు, ఇవ్వవచ్చు. రెండోది అంటే కొంచెం ముప్పున్నా లాభమే ఎక్కువ, ఇవ్వవచ్చు. మూడోది అంటే లాభం కంటె ముప్పు ఎక్కువ, ఇంకే దారీ లేకపోతేనే, డాక్టరు కనిపెట్టుకుని ఉంటేనే. నాలుగోది అంటే వద్దేవద్దు. డాక్టరు లేనిచోట ఏఎన్‌ఎం, ఆశా గుర్తుంచుకోవలసింది ఇంకా తేలిక: ఒకటి, రెండు అయితే సరే, మూడు, నాలుగు అయితే ఆ పద్ధతి వద్దు. ఇదంతా అరచేతిలో పట్టే అట్టచక్రంగా కూడా చేశారు. తిప్పితే జబ్బు ఎదుట అంకె కనిపిస్తుంది. మన దేశానికి తగ్గట్టు తయారుచేసిన చక్రం కూడా ఉంది. కొన్ని కేంద్రాల్లో అది సొరుగులో కొత్తదిగానే ఉంటుంది. అది బల్ల మీద, బీపీ మిషను పక్కన ఉండాలి.

ఆ చక్రం చెప్పే అసలు సంగతి ఇది: జబ్బు ఒక్కదానికే గడి ఉండదు. జబ్బూ, పద్ధతీ కలిసి ఒక గడి అవుతాయి. ఒకే మనిషికి, ఒకే జబ్బుకు మాత్రలు నాలుగో గడిలో, కాపర్‌టీ ఒకటో గడిలో ఉండవచ్చు. కాబట్టి "నీకు పడదు" అనే మాట ఎప్పుడూ సగం మాటే. ఏది పడదో, ఏది పడుతుందో రెండూ చెప్పాలి.

బీపీతో మొదలుపెడదాం. మాలా-ఎన్ పట్టీలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోను మాత్రలు, మిగిలిన ఏడు ఐరన్ మాత్రలు. హార్మోను మాత్రలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉంటాయి. ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, కొందరిలో బీపీని కూడా పెంచుతుంది. అందుకే పై అంకె 140గాని, కింది అంకె 90గాని చేరితే మాలా-ఎన్ మూడో గడి. 160, 100 చేరితే నాలుగో గడి. మందులతో బీపీ అదుపులో ఉన్నా ఈ మాత్రలు వద్దనే చెప్తారు. ఈ మాత్రలు మొదలుపెట్టే ముందు తప్పకుండా చూడవలసిన పరీక్ష ఒక్కటే, బీపీ. రక్తపరీక్షలు, లోపలి పరీక్ష ఏవీ అక్కర్లేదు. అయినా ఆ ఒక్కటే జరగకుండా చాలా పట్టీలు చేతులు మారుతున్నాయి. ఆశా తల్లులు ఇంటికి తెచ్చి ఇవ్వడం మంచిదే. మొదటి పట్టీకి ముందు ఒక్కసారి బీపీ చూపించండి.

బీపీ ఉన్నా కాపర్‌టీ ఒకటో గడి. పదేళ్లు పనిచేసే 380ఏ, అయిదేళ్లు పనిచేసే 375 రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేయవచ్చు. కాన్పులో బీపీ పెరిగి, ఫిట్స్ దాకా వెళ్లి బతికి బయటపడిన తల్లికి ఆసుపత్రి నుంచి వెళ్లేముందే ఈ మాట చెప్పాలి. ఇంటికెళ్లాక ఆమెను మళ్లీ పట్టుకోవడం కష్టం.

బీపీ విషయంలో మరో సంగతి ఉంది. దాన్ని ఇంకా గట్టిగా చెప్పాలి. ఇది పద్ధతి గురించి కాదు, బీపీ మాత్ర గురించి. మన కేంద్రాల్లో బీపీకి ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి అమ్లోడిపిన్, టెల్మిసార్టన్. ఎనలాప్రిల్, రామిప్రిల్ కూడా చాలామంది వాడతారు. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ కడుపులో బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ముఖ్యంగా నాలుగోనెల నుంచి. ఉమ్మనీరు తగ్గిపోతుంది, బిడ్డ దక్కకపోవచ్చు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడమనిషికి ఈ మాత్ర రాస్తున్నప్పుడు "పిల్లలు కావాలా, ఏదైనా పద్ధతి వాడుతున్నావా" అని అడగకుండా ఆ చీటీ పూర్తికాదు. ఆమె బిడ్డ కావాలంటే ముందుగానే మెథిల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివాటికి మార్చవచ్చు. వద్దంటే పద్ధతి ఇవ్వవచ్చు. అడగకపోతే మాత్రం రెండూ జరగవు.

ఫిట్స్ జబ్బులో అయితే ఈ సంగతి ఇంకా తీవ్రం. సోడియం వాల్‌ప్రోయేట్ అనే మందు ఫిట్స్‌ను బాగానే ఆపుతుంది. గర్భంలో వాడితే మాత్రం పుట్టే పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి అవయవ లోపాలు, నూటికి ముప్పయి నలభై మందికి మాట, తెలివి, నడవడి ఎదుగుదలలో లోపాలు వస్తాయి. అందుకే బిడ్డల్ని కనగల వయసు ఆడవాళ్లలో ఆ మందు వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ మాట విని ఎవరూ తమంతట తాము మందు ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి, "నాకు పిల్లలు పుట్టే వయసు, ఈ మందు మార్చాలా" అని అడగండి.

ఫిట్స్ మందుల్లో మరికొన్నింటిది ఇంకో గుణం. ఫినిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ కాలేయాన్ని చురుకు చేసి, మాలా-ఎన్‌లోని హార్మోన్లను పనిచేయకముందే కరిగించేస్తాయి. ఆమె ఒక్కరోజు కూడా తప్పకుండా మాత్ర మింగుతుంది. అయినా నెల తప్పుతుంది. ఇంట్లోవాళ్లు ఆమెనే అంటారు, మరచిపోయి ఉంటావని. ఆమె మరచిపోలేదు. రెండు చీటీలు ఒకచోట పెట్టి చూడవలసినవాళ్లు చూడలేదు. లామోట్రిజిన్‌ది దీనికి విరుద్ధం: అక్కడ గర్భనిరోధక మాత్రే ఫిట్స్ మందును తగ్గించి, ఫిట్స్ మళ్లీ తెప్పించవచ్చు. ఈ మందులన్నింటితోనూ మూడునెలల సూది, కాపర్‌టీ నిశ్చింతగా పనికొస్తాయి.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్‌ది కూడా ఇదే దారి. ఆరునెలల చికిత్సలో, ఆపిన తర్వాత ఇంకో నాలుగు వారాలు కూడా, మాలా-ఎన్ నమ్ముకోవడానికి లేదు. టీబీ కార్డు తెరిచిన రోజే సూదో, కాపర్‌టీయో, నిరోధో మాట్లాడుకోవాలి. గర్భసంచికి, ట్యూబులకు టీబీ సోకిన వాళ్లకు మాత్రం కాపర్‌టీ వేయకూడదు. అన్నట్టు, పుండుకో మరోదానికో అయిదు రోజులు వేసుకునే అమాక్సిసిలిన్ వంటి మామూలు యాంటీబయాటిక్స్ వల్ల మాత్రలు చెడవు. ఆ భయంతో మాత్రలు మానేసినవాళ్లు ఉంటారు కాబట్టి ఈ మాట చెప్తున్నాను.

షుగర్ విషయంలో గుర్తుపెట్టుకోవలసింది కాలం. బిడ్డ గుండె, వెన్నెముక, మెదడు మొదటి ఎనిమిది వారాల్లోనే రూపుకడతాయి. నెల తప్పిందని తెలిసి, అత్తగారికి చెప్పి, ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకునే సరికి ఆ ఎనిమిది వారాలు గడిచిపోతాయి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు నిలిచిన గర్భంలో లోపాలు, గర్భస్రావాలు ఎక్కువ. కాబట్టి షుగర్ ఉన్న ఆడపిల్లకు గర్భనిరోధకం అంటే పిల్లలు వద్దనుకోవడం కాదు, షుగర్ అదుపులోకి వచ్చేదాకా ఆగడం. మూడునెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 6.5 లోపుకు వచ్చాక, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, అప్పుడు పద్ధతి ఆపితే బిడ్డకు మేలు. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, కళ్లో, కిడ్నీలో, నరాలో దెబ్బతిన్నా మాలా-ఎన్ వద్దు, మూడునెలల సూది కూడా వద్దు. కాపర్‌టీ మాత్రం ఒకటో గడిలోనే ఉంటుంది.

థైరాయిడ్ గురించి ఒక్క మాట చాలు. థైరాయిడ్ ఉన్నా ఏ పద్ధతికీ అడ్డు లేదు.

తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. మైగ్రేన్ వచ్చేముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే ఆడవాళ్లకు మాలా-ఎన్ నాలుగో గడి, పక్షవాతం ముప్పు వల్ల. "తలనొప్పికి ముందు కళ్లకు ఏమైనా కనిపిస్తుందా" అని అడిగితే చాలు, మిషను అక్కర్లేదు.

ఏజెన్సీ ప్రాంతాల్లో వింటున్నవాళ్లకోసం సికిల్ సెల్ సంగతి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నలభై ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్షలు చేస్తున్నారు. సికిల్ జబ్బు ఉన్న ఆడవాళ్లకు గర్భం చాలా కష్టకాలం. వాళ్లకు మూడునెలల సూది ఒకటో గడి. దాని వల్ల ఒళ్లునొప్పుల దాడులు కూడా కొందరిలో తగ్గాయి. కాపర్‌టీ వేయవచ్చు గాని, నెలసరిలో రక్తం ఎక్కువ పోతుందేమో చూసుకోవాలి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లందరికీ ఈ జాగ్రత్త ఉంటుంది. అలాగని అది కాపర్‌టీకి అడ్డు కాదు. ఐరన్ ఇస్తూ వేయవచ్చు.

ఇక కొన్ని పద్ధతుల సంగతి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమన్ మాత్ర ఇప్పుడు ఛాయా పేరుతో ఉచితంగా దొరుకుతుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. అందులో ఈస్ట్రోజన్ లేదు, పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. అయితే కిడ్నీ జబ్బు, టీబీ, కామెర్లు లేదా కాలేయ జబ్బు, పీసీఓడీ ఉన్నవాళ్లకు ఇవ్వవద్దని ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్న చెల్లెళ్లకు ఛాయా ఇచ్చేముందు ఇది గుర్తుండాలి.

మూడునెలల సూది గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అంతరా పేరుతో ఇస్తారు. నెలసరి క్రమం తప్పుతుంది, మెల్లగా ఆగిపోతుంది కూడా. అది జబ్బు కాదని ముందే చెప్తే భయపడరు. చెప్పకపోతే రెండో సూదికి రారు. ఆపాక గర్భం నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. ఏడాదిలో బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఇది తగిన మందు కాదు.

ఆపరేషన్ సంగతి చెప్పకుండా మన రాష్ట్రాల్లో ఈ ప్రసంగం పూర్తికాదు. "జబ్బు మనిషివి, ఒక్క బిడ్డ చాలు, ఆపరేషన్ చేయించేద్దాం" అనే మాట ఇళ్లలోనూ, ఆసుపత్రుల్లోనూ వింటాం. జబ్బున్న మనిషికి కోత, మత్తు రెండూ మామూలు మనిషికంటె ముప్పే. హిమోగ్లోబిన్ ఏడు లోపుంటే ఆపరేషన్ వాయిదా వేయాలి. గుండెజబ్బు, అదుపులేని బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు అన్ని సదుపాయాలున్న పెద్దాసుపత్రిలోనే చేయాలి. అన్నిటికంటె తేలికైనది ఆమె భర్తకు చేసే కోతలేని వేసెక్టమీ. చిన్న రంధ్రంలోంచి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత మూడు నెలలు వేరే పద్ధతి వాడి, వీర్యపరీక్ష చేయించుకోవాలి. భార్య గుండె కవాటం పాడయి ఉంటే, ఆమెను ఆపరేషన్ బల్ల ఎక్కించడం ఏం న్యాయం? మగవాడి బలం పోతుందన్నది అబద్ధం. నాగలి పట్టేవాడు పట్టవచ్చు, లారీ తోలేవాడు తోలవచ్చు. భర్తలు, మామగార్లు కూడా ఈ ప్రసంగం వింటున్నారనుకుంటాను. మీ ఇంటి కోడలి మందుల సంచి ఒక్కసారి చూడండి. తర్వాత ఎవరు ఆపరేషన్ చేయించుకోవాలో మీరే నిర్ణయించండి.

ఇంత చెప్పినా, జబ్బున్న ఆడదానికి బిడ్డ కావాలనే కోరిక ఉంటుంది. ఉండనివ్వాలి. "నీకు పిల్లలెందుకు" అనే హక్కు డాక్టరుకు లేదు, అత్తగారికి లేదు. చాలా జబ్బుల్లో, ముందుగా సిద్ధపడితే, మందులు మార్చుకుంటే క్షేమంగా కనవచ్చు. కొన్ని జబ్బుల్లో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిన గుండెజబ్బు వంటివాటిలో, గర్భం ప్రాణాంతకం. అది కూడా ఆమెకు నేరుగా, ఆమెతోనే, తలుపు వేసి, ఏడవడానికి వ్యవధి ఇచ్చి చెప్పాలి. భర్తను వరండాలో నిలబెట్టి గుసగుసగా చెప్పేసి పంపే మాట కాదది. అనుకోకుండా గర్భం వచ్చి, అది ఆమె ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పయితే, 2021లో సవరించిన చట్టం ప్రకారం ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో అబార్షన్ చేయవచ్చు. గర్భనిరోధక పద్ధతి విఫలమైన సందర్భంలో పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న కూడా ఆ చట్టంలో ఇప్పుడు లేదు. ఎంత తొందరగా వస్తే అంత మంచిది. నాటుమందులకు పోకండి.

ఈ పనికి కొత్త డాక్టర్లు, కొత్త భవనాలు అక్కర్లేదు. మందులిచ్చే బల్ల దగ్గర ఒక్క ప్రశ్న చాలు: "ఏమ్మా, ఈ ఏడాదిలో బిడ్డ కావాలనుకుంటున్నావా?" కావాలంటే మందుల చీటీని డాక్టరు మరోసారి చూడాలి. ఇప్పుడే వద్దంటే చక్రం తిప్పాలి. "చెప్పలేను సిస్టరమ్మా, మా ఇంట్లో అడగాలి" అంటే, తర్వాతి నెల మళ్లీ అడగాలి. జవాబును మందుల పుస్తకంలో ఒక గడిలో రాయాలి. పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో, గ్రామ ఆరోగ్య క్లినిక్కుల్లో పనిచేస్తున్న చెల్లెళ్లు ఈ ఒక్క గడి గీసుకుంటే, చక్రం సొరుగులోంచి తీసి బల్ల మీద పెడితే, ఈ నెలలోనే పని మొదలవుతుంది. పై అధికారులు చేయవలసింది, ఎన్ని ఆపరేషన్లయ్యాయన్న లెక్కతోపాటు, జబ్బున్న ఎంతమందిని ఈ ప్రశ్న అడిగారన్న లెక్క కూడా నెలవారీ సమావేశంలో అడగడం.

చివరగా, ఏదో ఒక జబ్బుకు రోజూ మందు వేసుకుంటున్న అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం. కుటుంబ నియంత్రణ కోసం వెళ్లినప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఖాళీ పట్టీలయినా సరే. బీపీకో, ఫిట్స్‌కో, షుగర్‌కో మందు కోసం వెళ్లినప్పుడు, వాళ్లు అడగకపోతే మీరే అడగండి: "నేను ఇప్పుడు గర్భం దాలిస్తే ఈ మందు పడుతుందా? వద్దనుకుంటే నాకు ఏ పద్ధతి సరిపోతుంది?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పడం వాళ్ల విధి. కాపర్‌టీ, అంతరా సూది, ఛాయా, మాలా-ఎన్, నిరోధ్, ఆపరేషన్, అన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే దొరుకుతాయి.